టీకాలక్క చెంపలు

సోమవారం పొద్దున బల్ల మీదికి వచ్చిన ఫోటోను గీతమ్మ ముందు మామూలుగా చూసింది, తరవాత భూతద్దంతో చూసింది, ఆ తరవాత కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతుర్లో ఏటవాలుగా పట్టి చూసింది. కళ్ళు ఉన్నాయి, ముక్కు ఉంది, నుదుటి మీద చెదిరిన రెండు వెంట్రుకలు కూడా ఉన్నాయి. చెంపలు మాత్రం లేవు. చెంపలు ఉండాల్సిన చోట పిండిముద్దలాంటి తెలుపు ఉంది.

తపాలా బిళ్ళలు అచ్చువేసే ఆ ప్రెస్సులో ఉక్కు పలక మీద చేత్తో బొమ్మ చెక్కేవాళ్ళు ఒకప్పుడు ఆరుగురు. ఇప్పుడు ఆమె ఒక్కతే. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. రోజంతా గీతలు గీసే మనిషి కాబట్టి గీతమ్మ అయింది. ముప్పైనాలుగేళ్ళలో పదిహేడుమంది దేశనాయకులు ఆమె చేతి కింద బిళ్ళల్లోకి దిగారు. వాళ్ళలో ఒక ప్రధాని గడ్డానికే పదకొండు రోజులు పట్టింది. ఆయన పరిపాలించింది కూడా ఇంచుమించు అంతేనని ఆమె భర్త వేళాకోళం చేసేవాడు.

పద్దెనిమిదో మనిషి టీకాలక్క. నర్సుగా మొదలై ఆరోగ్యమంత్రి దాకా వెళ్ళిన మనిషి. ఊరూరా తిరిగి, తలుపు వేసుకున్న వాళ్ళ చేత తలుపు తీయించి, మశూచి అన్న మాటే పిల్లలకు తెలియకుండా చేసింది. యాభై దాటిన వాళ్ళందరి జబ్బ మీదా ఆవిడ సంతకం ఉందనేవాళ్ళు. గీతమ్మ జబ్బ మీదా ఉంది, చొక్కా బొత్తామంత. ఆ సంతకం పెట్టినప్పుడు గీతమ్మకు ఏడేళ్ళు. బడి వరండాలో వరసలో నిలబడి ఏడుస్తుంటే ఒక పెద్ద ముఖం తన ముఖం దగ్గరికి వంగింది. ఆ ముఖం నిండా మశూచి గుంటలు. ఏడుపు మర్చిపోయి ఆ గుంటలు చూస్తూ ఉండిపోయింది. ఈలోగా టీకా పడిపోయింది.

ఆవిడ పోయి వచ్చే నెలకి పదేళ్ళు. ఆ రోజున బిళ్ళ విడుదల. ఫోటోతో పాటు వచ్చిన కాగితంలో ‘ఫోటోలో ఉన్నది ఉన్నట్టుగా చెక్కవలెను’ అని ఉంది.

గీతమ్మ ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి ప్రెస్సు గ్రంథాలయానికి వెళ్ళింది. పాత దినపత్రికల కట్టలు దింపించుకుని మధ్యాహ్నం దాకా వెతికింది. చివరికి ఒక బొమ్మ దొరికింది. వాన, గొడుగు, గొడుగు కింద టీకాలక్క, పక్కన చంకలో బిడ్డతో ఒక తల్లి. అచ్చు ముతకగా ఉన్నా చెంపలు ఉన్నాయి.

మిగతా ముఖమంతా రెండు వారాల్లో పూర్తిచేసి, ఆ తరవాతి మంగళవారమంతా ఆ చెంపల మీదే కూర్చుంది. ఇసక నింపిన తోలు దిండు మీద పలక పెట్టి, చెక్క పిడి అరచేతిలో ఇముడ్చుకుని, ఉలిని కదలనీయకుండా పలకనే మెల్లగా తిప్పుతూ చెక్కడం ఆమె పద్ధతి. చర్మానికి గీత ఎప్పుడూ తిన్నగా వెళ్ళకూడదు. కండ ఎటు తిరిగితే గీత అటు తిరగాలి. గుంట వచ్చిన చోట గీత ఆగాలి. గుంటకి ఒక పక్క చుక్క పడాలి, రెండో పక్క ఖాళీ మిగలాలి. చుక్కలో సిరా నిలుస్తుంది, ఖాళీలో కాగితం తెల్లగా కనిపిస్తుంది. ఆ రెండూ కలిస్తేనే చూసే కంటికి లోతు. ఆవగింజలో సగం కూడా లేని చోట ఇదంతా జరగాలి. ఊపిరి బిగబట్టి ఒక్కో చుక్క పొడిచింది. సాయంత్రానికి వేళ్ళు కొంకర్లు పోయాయి గానీ మనసు తేలిగ్గా ఉంది.

బుధవారం పొద్దున నమూనా అచ్చు తీసింది. పలకకి సిరా పూసి, గుడ్డతో తుడిచి, తడి కాగితం పరిచి, చిన్న చేతి యంత్రం చక్రం తిప్పింది. కాగితం అంచు పట్టుకుని ఎత్తగానే టీకాలక్క ఆమె వంక చూసింది.

డైరెక్టరు నలభై దాటని మనిషి. మర్యాదస్తుడే, భయస్తుడు కూడా. పోయినేడాది ఒక నాయకుడి పుట్టుమచ్చ పొరపాటున రెండో చెంప మీదికి వెళ్ళిపోతే, ఆయన మనవలు ఆఫీసు ముందు మూడు రోజులు కూర్చున్నారు. అప్పట్నుంచి బిళ్ళ మీద ఏ మచ్చ కనపడ్డా డైరెక్టరు గుండె గుభేలుమంటుంది. భూతద్దం నమూనా మీద పెట్టి ఆయన చాలాసేపు వంగి చూశాడు.

“గీతమ్మగారూ, ఇవేమిటి?”

“మచ్చలండీ.”

“ఫోటోలో లేవుగా?”

“ఫోటోలో లేవు. ముఖం మీద ఉన్నాయి.”

ఆయన కోప్పడలేదు. కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుని నచ్చజెప్పాడు. ఆవిడ దేశనాయకురాలు, బిళ్ళ గౌరవానికి వేసేది, గౌరవించేటప్పుడు ఎవరైనా మనిషిలో మంచే చూపిస్తారు గానీ మచ్చలు చూపించరు. పైగా ఆవిడకి మిగిలింది ఒక్క చెల్లెలు. ఆ చెల్లెలు అనుమతిపత్రం మీద సంతకం పెట్టందే అచ్చుకి వెళ్ళదు. ఈ ముఖం చూపించి ఆ పెద్దావిడ మనసు కష్టపెట్టడం ఎందుకు? గీతమ్మకి తీరిక లేకపోతే కంప్యూటరు విభాగం వాళ్ళు ఆ ఫోటోనే బిళ్ళ సైజుకి తగ్గించి సాయంత్రానికల్లా ఇచ్చేస్తామన్నారు.

ఆఖరి మాట దగ్గర గీతమ్మ చేతిలో గుడ్డ ఆగింది. ముప్పైనాలుగేళ్ళ పనికి సాయంత్రం దాకానే గడువు అన్నట్టు వినపడింది. ఆ పెద్దావిడ దగ్గరికి రెండు నమూనాలూ తీసుకెళ్దామనీ, తననీ రానివ్వమనీ అడిగింది. అక్క ముఖం చెల్లెలికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందంది. డైరెక్టరు సరేనన్నాడు.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర భర్తకి జరిగిందంతా చెప్పింది. ఆయన బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఇంట్లో ఏ గడియారం ఆగినా, ఆగకపోయినా విప్పదీసి కూర్చుంటాడు. ఆ వేళ కూడా ఒకటి విప్పి కాగితం మీద పళ్ళచక్రాలు వరసగా పేర్చుకుంటున్నాడు. అంతా విని, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజమేనన్నాడు. తరవాత తల ఎత్తకుండానే ఇంకో మాట అన్నాడు.

“కానీ ఆ ముఖం నీది కాదుగా.”

గీతమ్మ పళ్ళాలు తీసింది. ఆ మాట మాత్రం ఆమె వెంట వంటింట్లోకి వచ్చింది.

గురువారం పదింటికి ఇద్దరూ వెళ్ళారు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. డైరెక్టరు ప్రతి మలుపు దగ్గరా ఆగి చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. తలుపు తీసిన పెద్దావిడకి ఎనభై రెండు. సన్నటి మనిషి, మెడలో కొలత టేపు. ఒకటే గది, కిటికీ కింద కుట్టుమిషను, దాని మీద కాజాలు సగం కుట్టిన తెల్లకోటు. ఆసుపత్రి నర్సుల కోట్లు అరవయ్యేళ్ళుగా ఆవిడే కుడుతోందనీ, ఇప్పుడు కాజాలు మాత్రమే చేస్తోందనీ డైరెక్టరు మెట్ల మీద చెప్పాడు. ఆవిడ ముఖం నిండా కూడా గుంటలే. ఆ సంగతి ఆయన చెప్పలేదు. ఆయనకీ తెలిసినట్టు లేదు. ఒక్క క్షణం చూపు ఎక్కడ పెట్టాలో తెలియక నేల చూశాడు.

గీతమ్మ మాత్రం లోపల సంతోషపడింది. ఈవిడకి వేరే చెప్పక్కర్లేదు, ఇక ఆలస్యమంతా సంతకం పెట్టడంలోనే అనుకుంది.

పెద్దావిడ రెండు నమూనాలూ కుట్టుమిషను మీద పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూసింది. కంప్యూటరు వాళ్ళది చూసి ప్లాస్టిక్ బొమ్మలా ఉందంది. గీతమ్మది చాలాసేపు చూసింది. ఇది చేత్తో చేసిందని చెప్పకుండానే తెలుస్తోందంది. చూస్తూ చూస్తూ మూడు వేళ్ళు తన చెంప మీద వేసుకుంది. ఆ వేళ్ళు అక్కడ ఉన్నట్టు ఆవిడకి తెలిసినట్టు లేదు.

“పని బంగారంలా ఉంది. ఈ మచ్చలు తీసెయ్యి అమ్మాయ్.”

గీతమ్మ సరిగ్గా వినలేదనుకుంది. వింది గానీ అర్థం కాలేదు. అవి నిజంగా ఉన్నవే కదా అని మెల్లగా అంది.

“ఉన్నాయి. ఉన్నాయనే చెప్తున్నా. మమ్మల్ని జల్లెడలు అనేవాళ్ళు. పెద్ద జల్లెడ, చిన్న జల్లెడ. బళ్ళో మొదలైంది. అక్క మంత్రయ్యాక కూడా ఒక పత్రికవాడు జల్లెడ బొమ్మ వేసి కింద దాని పేరు రాశాడు. ఆ మాటని ఇప్పుడు నువ్వు వెనక జిగురు రాసి ఇంటింటికీ పంపిస్తావా?”

గీతమ్మ నిజం అన్న మాట ఒకటి చేతిలో పట్టుకుని వచ్చింది. ఈ గదిలో దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. తీసేస్తానమ్మా అని మాత్రం అంది. డైరెక్టరు ఊపిరి పీల్చుకున్నాడు. పెద్దావిడ అనుమతిపత్రంలో ‘ముఖంపై మచ్చలు లేకుండా’ అని తన చేత్తోనే రాసి, కింద కుట్టు వేసినంత పొందిగ్గా సంతకం పెట్టింది. వీళ్ళు లేవబోతుంటే, చేత్తో చేసిన పని చూస్తే తనకి కడుపు నిండుతుందనీ, ఉక్కు మీద ఎలా చెక్కుతారో ఒకసారి వచ్చి చూడచ్చా అనీ అడిగింది. పలక సోమవారానికి అచ్చుకి వెళ్ళిపోతుందనీ, రేపు వస్తే కారు పంపిస్తాననీ డైరెక్టరు సంబరంగా చెప్పాడు.

శుక్రవారం పొద్దున గీతమ్మ మూడంచుల గీకుడు కత్తి తీసింది. చెక్కడం కంటే చెరపడం కష్టం. చుక్కల్ని గీకాలి, గీకిన చోట ఉక్కు పల్చబడుతుంది కాబట్టి పలక తిరగేసి వెనకనుంచి చిన్న సుత్తితో తట్టి పైకి లేపాలి, మళ్ళీ తిప్పి నునుపుచెయ్యాలి, ఖాళీల్ని గీతలతో కలపాలి. పని అన్నాక మనసు చంపుకుని అయినా శుభ్రంగానే చెయ్యాలి. చేసింది. పదకొండింటికి ఒక చెంప పూర్తయింది. నున్నగా, తప్పు పట్టడానికి వీల్లేకుండా వచ్చింది. దాన్ని చూస్తే ఆమెకి ఏమీ అనిపించలేదు. అలా ఏమీ అనిపించకపోవడం ఈ బల్ల దగ్గర అదే మొదటిసారి.

పెద్దావిడ వచ్చింది. డైరెక్టరే కుర్చీ మోసుకొచ్చి బల్ల పక్కన వేశాడు. ఆవిడ ముందు పనిముట్లు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని మొన చూసి, పిడి చూసి, దిండులో ఏముందో నొక్కి చూసింది. ఏది ఎందుకో గీతమ్మ చెప్పింది. తరవాత ఆవిడ పెద్ద భూతద్దం కింద ఉన్న పలక మీదికి వంగింది.

“ఇదేమిటి, అక్క ఇటు తిరిగింది? నిన్న అటు చూస్తోందిగా.”

ఉక్కు మీద ఎప్పుడూ తిరగేసే చెక్కాలనీ, కాగితం మీద పడ్డాకే సరిగ్గా కనిపిస్తుందనీ గీతమ్మ చెప్పింది. అద్దంలో చూసినట్టన్నమాట అంది.

పెద్దావిడ తల ఎత్తలేదు. చాలాసేపు అలాగే ఉంది. ఆ చెంప, ఈ చెంప. నున్నటిది ఒకటి, గుంటలది ఒకటి. డైరెక్టరు ఆవిడకి కళ్ళు తిరుగుతున్నాయేమోనని నీళ్ళు తెప్పించబోయాడు. ఆవిడ చేత్తో వద్దంది.

“అయితే అక్క రోజూ చూసుకున్న ముఖం ఇది.”

ఆవిడే మెల్లగా చెప్పుకొచ్చింది. జుట్టు దువ్వుకునేటప్పుడు అక్క అద్దం ముందు తీరిగ్గా నిలబడేదట. పాట కూడా పాడుకునేదట. తనే ఆ అద్దాన్ని గోడవైపు తిప్పేసేదట. అక్క మళ్ళీ ఇటు తిప్పుకునేది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఇరవయ్యేళ్ళు ఆ అద్దంతో అలా తగువాడుకున్నారు. టీకాలు వద్దని మొండికేసిన తల్లుల చెయ్యి పట్టుకుని అక్క తన చెంప మీద పెట్టుకునేదట. తడిమి చూడు, ఇది నీ బిడ్డకి కావాలా అని అడిగేదట. తను పక్కనే టీకాల పెట్టె పట్టుకుని నిలబడి, ఎక్కడ తన చెంప కూడా తడమమంటుందోనని వెనక్కి వెనక్కి జరిగేదట.

“ఆ ఫోటో ఉందే, మీ కాగితంతో వచ్చింది. దాన్ని దిద్దమన్నది నేనే. స్టూడియోవాడికి చెప్పి పెన్సిలుతో పూయించాను. అక్క చూసి, ఎవరే ఈవిడ, మన చుట్టమా అని నవ్వి సొరుగులో పడేసింది. అక్క పోయాక పత్రికలవాళ్ళు ఫోటో అడిగితే నేను అదే తీసిచ్చాను. పదేళ్ళ నుంచీ అందరూ అదే వేస్తున్నారు.” ఆవిడ భూతద్దం మీది నుంచి తల ఎత్తింది. “సిగ్గు నాది తల్లీ. దానిది కాదు. నిన్న నా సిగ్గు పట్టుకెళ్ళి దాని ముఖానికి పూయమన్నాను. ఇక ఆపు.”

గీతమ్మ చేతిలోని సుత్తి కింద పెట్టింది. ఒక చెంప అప్పుడే చెరిగిపోయిందని ఆమె చెప్పక్కర్లేకపోయింది, పెద్దావిడ అప్పటికే చూసింది.

“కుట్టు విప్పేసిన చోట మళ్ళీ కుట్టకూడదా? మీ పనిలో కుదరదా?”

కుదురుతుంది గానీ ఆ పత్రిక బొమ్మలో ఆ వైపు సగం గొడుగు నీడలో ఉందని గీతమ్మ అంది. మొదటిసారి అక్కడ అందాజుగా పొడిచానని ఒప్పుకుంది. ఈసారి అందాజు పనికిరాదనిపిస్తోందంది. చెప్తూ చెప్తూ ఆవిడ ముఖం వంక చూసి ఆగిపోయింది. అడగాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించింది.

“మీ ఇద్దరికీ ఒకేసారి వచ్చిందా అమ్మా?”

“ఒకే మంచం మీద. పద్దెనిమిది రోజులు.”

ఆవిడకి వెంటనే అర్థమైంది. కుర్చీ కిటికీ వైపు జరుపుకుని, వెలుతురు చెంప మీద పడేలా కూర్చుంది. కొలతలు తీసుకోవడానికి వచ్చిన మనిషికి చేతులు చాపినట్టు అంత మామూలుగా కూర్చుంది. చూడాల్సిందంతా చూడు, సూది పని దగ్గర మొహమాటం పనికిరాదంది.

డైరెక్టరు గుమ్మం దగ్గర నిలబడి గోడమీది క్యాలెండరు చూస్తున్నాడు. శనివారం, ఆదివారం, సోమవారం. గడువులోగా పలక రాకపోతే కంప్యూటరు బొమ్మే అచ్చుకి వెళ్తుందని గీతమ్మకి ఆయన చెప్పక్కర్లేదు. ఆయన జేబులోంచి అనుమతిపత్రం తీసి పెద్దావిడ ముందు పెట్టి, నిన్న రాసింది ఒకటి కొట్టేయాలేమోనన్నాడు. ఆవిడ ఒక్క గీతతో ఆ మూడు మాటలూ కొట్టేసి పక్కన పొట్టి సంతకం చేసింది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళిపోతాడనుకుంది గీతమ్మ. ఆయన కోటు విప్పి తలుపు వెనక తగిలించి, బల్ల దీపం తీగ పొడుగు సరిపోతుందో లేదో చూసి, దాన్ని ఎత్తి పట్టుకుని ఎక్కడికి కావాలండీ అని అడిగాడు. ఇంకొంచెం ఎడమకి అని పెద్దావిడే చెప్పింది.

గీతమ్మ నున్నటి చెంప మొత్తం మళ్ళీ గీకింది. తట్టింది, మెరుగుపెట్టింది. పలక దిండు మీద కుదిరాక ఉలి తీసుకోకుండా ముందు పెద్దావిడ చెంపనే చూస్తూ కూర్చుంది. ఇన్నాళ్ళూ గుంటలన్నీ ఒకటే అనుకుంది. కావు. కణత దగ్గర చిన్నవి, దగ్గర దగ్గరగా; దవడ వైపు వచ్చేసరికి వెడల్పు; ఒకచోట మూడు కలిసిపోయి ఆకులా ఉన్నాయి. వయసు గీతలు వాటిని తప్పించుకుని పక్కనుంచి వెళ్ళాయి. పన్నెండున్నరకి మొదటి చుక్క పొడిచింది. భోజనానికి లేవలేదు. పెద్దావిడ కదలకుండా కూర్చుంది గానీ నోరు ఆపలేదు. నర్సుల కోట్లకి పాత రోజుల్లో ఎన్ని బొత్తాలుండేవో, ఇప్పుడు ఎన్ని తగ్గించారో చెప్తూ పోయింది. డైరెక్టరు చెయ్యి నొప్పెట్టినప్పుడల్లా దీపాన్ని రెండో చేతిలోకి మార్చుకుంటూ, మధ్యలో ఒక్కసారి ఆ కోట్లకి జేబులెన్ని అని కూడా అడిగాడు.

మూడు దాటాక పెద్దావిడ ఉన్నట్టుండి మాట ఆపింది.

“అక్కకి ఒకటి ఎక్కువ ఉండేది. నాకు లేదు. అది మర్చిపోకు.”

ఎక్కడ అని గీతమ్మ తల ఎత్తింది. పత్రిక బొమ్మలో అటువైపు ఏమీ కనపడదని గుర్తొచ్చి, సరిగ్గా చూపించమంది. పెద్దావిడ పలక వైపు వంగబోయి, తిరగేసి ఉందిగా, తికమక పడతానని ఆగిపోయింది. చుట్టూ చూసింది. లేచి వచ్చి, ఏళ్ళ తరబడి సూది పొడిచి గట్టిపడిన చూపుడు వేలు గీతమ్మ చెంప మీద, కంటి కింద, ఎముక మొదలయ్యే చోట ఆనించింది.

“ఇదిగో, ఇక్కడ. కాస్త లోతుగా.”

పెద్దావిడ వేలు తీశాక కూడా గీతమ్మ చెంప తుడుచుకోలేదు. ఆ చోటు మనసులో పెట్టుకుని ఉలి అందుకుంది.